మొగలిరేకులు మళ్లీ చూస్తే: టీవీ ముందర మా అమ్మ మాట

వర్ధన్నపేట నుంచి మాట్లాడుతున్న. మధ్యల బస్సు హారన్ వినవడితే ఏమనుకోకుండ్రి, మా ఇల్లు ఖమ్మం రోడ్డుకు దగ్గర్నే.

ఇయ్యాల ముచ్చట మన చిన్నప్పటి సీరియళ్లు. ఈ టాపిక్ మీద వీడియోలు మస్తున్నయి, నాకు ఎరుకే. టైటిల్ పాట పెట్టుడు, రెండు పాత ఫొటోలు వేసుడు, "ఆ రోజులే వేరు" అనుడు, అయిపాయె. నేను ఆ పని చెయ్య. మూడు నెలల సంది అమృతం, మొగలిరేకులు మళ్లీ చూస్తున్న. కొన్ని ఎపిసోడ్లు ఒక్కదాన్నే ఫోన్ల చూసిన, కొన్ని టీవీకి కలిపి అమ్మతోని కూసోని చూసిన. చూస్తుంటే చిన్నప్పుడు చెవికి ఆనని సంగతి ఒకటి ఇప్పుడు ఆనింది. అదే చెప్త.

ముందు అమృతం. జెమినీ టీవీల 2001 నవంబర్ 18న మొదలైంది, సరిగ్గా ఆరేండ్లకు 2007 నవంబర్ 18న అయిపోయింది. 313 ఎపిసోడ్లు. ఐతారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. గుణ్ణం గంగరాజు గారు తీసిండ్రు. నేను పుట్టింది 1999ల, అంటే అది అయిపోయేనాటికి నాకు ఎనిమిదేండ్లు. అందరి లెక్కనే నాకు కూడ అంజి అంటే పానం. అంజి వేషం వేసిన గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిల పోయినప్పుడు మా హాస్టల్ల ఎవరి వాట్సాప్ స్టేటస్ చూసినా ఆయన ఫొటోనే. అమృతం పాత్రకైతే ముగ్గురు మారిండ్రు: శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. పిల్లలం, మేమేమన్న అడిగినమా? మనిషి మారిండు గని ఓనరు అప్పాజీయే, కిరాయి బాకీ గదే. సరే అనుకున్నం.

ఇప్పుడు చూస్తే కూడ అమృతం బాగుంది. మొహమాటానికి చెప్తలేను, నిజంగనే బాగుంది. ఇద్దరు దోస్తులు, ఒక చిన్న హోటలు, నెల కాంగనే తలుపు కొట్టే ఓనరు, వారం వారం అంజికి ఒక కొత్త ఐడియా, అది బోర్ల పడుడు. ఎవరూ ఎవరికీ పాలల్ల విషం కలపరు. చిన్న యాపారం పెట్టి మునిగినోళ్లకు అది అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ అర్థమయితది. పెండ్లాం అంటే తిట్టేది, మొగుడంటే భయపడేటోడు అన్న జోకులు మాత్రం కొన్ని పాతవడ్డయి. అవి వచ్చిన కాడ నేను నవ్వలే, అమ్మ నవ్వింది. అది మా ఇద్దరి లెక్క, మేం చూసుకుంటం.

అమృతవిలాస్ ఉన్నది హైదరాబాద్‌ల. ఇగ ఆలోచించుండ్రి. హైదరాబాద్‌ల చిన్న హోటలు నడిపేటోడు పొద్దున లేస్తే ఎంతమందితోని మాట్లాడాలె? పాలాయన, కూరగాయలామె, గ్యాస్ బండ తెచ్చే పిలగాడు, గిన్నెలు కడిగేటామె. వాళ్లల్ల పాలమూరోళ్లు ఉంటరు, మన వరంగల్లోళ్లు, నల్లగొండోళ్లు ఉంటరు, పాతబస్తీ వాళ్లు ఉంటరు. సీరియల్ నిండ వినవడే తెలుగు మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి దిక్కు చదువుకున్నోళ్ల ఇండ్లల్లది. నేను మళ్లీ చూసిన ఎపిసోడ్లల్ల అమృతం, అంజి, సంజీవని, శాంత, అప్పాజీ, వీళ్లెవరూ మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడలే. హైదరాబాద్ ఉన్నది, హైదరాబాద్ గొంతు లేదు.

మొగలిరేకులు కూడ అంతే. అది 2008 ఫిబ్రవరిల మొదలై 2013 మే దాక నడిచింది, వెయ్యి మూడు వందల పైన ఎపిసోడ్లు. ధర్మ, సత్య, దయ అని అన్నదమ్ములు, శాంతి అని చెల్లె. తర్వాత పోలీస్ ఆఫీసర్ ఆర్కే నాయుడు. ఆ పేరు జెప్తే మా గల్లీల ఇప్పటికీ నలుగురు ఆగి తిరిగి చూస్తరు. నాకు తొమ్మిదేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాక ఆ సీరియల్ మా ఇంట్ల మనిషి లెక్క ఉండె. ఆ ఐదేండ్లు రాత్రి బువ్వ ఎప్పుడు తినాలె అన్నది జెమినీ టీవీయే చెప్పింది.

ఇది ఎవరో కూసోని కుట్ర చేసిండ్రని నేను అంటలేను. మొగలిరేకులు తీసిన మంజుల నాయుడు గారు అంతకుముందు 2003 నుంచి చక్రవాకం తీసిండ్రు, దానికి ముందు దూరదర్శన్‌ల ఋతురాగాలు తీసిండ్రు. ఋతురాగాలు యద్దనపూడి సులోచనారాణి గారి నవల నుంచి వచ్చింది. సులోచనారాణి గారిది కృష్ణా జిల్లా కాజ. అప్పుడు మన ఫ్యామిలీ సీరియల్‌కు నడక నేర్పింది వారపత్రికల నవల. ఆ నవలలు రాసినోళ్లు ఎక్కువమంది ఆ దిక్కోళ్లు, అవి ఎక్కువ అచ్చయింది విజయవాడల. సినిమా మద్రాసుల పెరిగింది, అక్కడికి ముందుగాల పోయింది కూడ ఎక్కువ ఆ దిక్కోళ్లే. మన దిక్కు ఏమో 1948 దాక నిజాం రాజ్యం, పెద్ద చదువులు ఉర్దూల. పుస్తకం భాష, సినిమా భాష, టీవీ భాష ఒకదాని ఎనుక ఒకటి నడిచొచ్చినయి, మా ఇంటి ముందర నుంచే పోయినయి గని లోపలికి తొంగి చూడలే. అప్పుడప్పుడు చూస్తే ఎవరి కోసం చూసినయి? ఏ సీరియల్ అని పేరు పెట్టను గని, ఆ రోజులల్ల ఏ ఛానెల్ తిప్పినా మన మాట మాట్లాడేది పనామె, ఆటో ఆయన, లేకపోతే గల్ల పట్టే రౌడీ. "యాస" అని దానికొక పేరు. ఆ మాటే నాకు నచ్చదు. మనది యాస అయినప్పుడు వాళ్లది కూడ యాసనే గదా.

ఇగ అసలు ముచ్చటకు వస్త. 2011.

సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు నడిచింది. మీల కొందరికి యాదికి ఉండొచ్చు, చిన్నోళ్లకు ఇంట్ల చెప్పి ఉంటరు. బస్సులు బందు, బడులు బందు, సింగరేణి బందు. బొగ్గు లేక కరెంటు కోతలు. నేను ఏడో తరగతి. మా ఊరు వరంగల్ నుంచి తొర్రూరు, ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటది గదా, రాస్తారోకో అంటే ఈ రోడ్డు మీదనే. పొద్దున "జై తెలంగాణ" అని గొంతులు పోయేదాక అరిచేటోళ్లు. ఆ లొల్లిల ఒక మాట పదే పదే వినవడేది: మా మాటను సినిమాలల్ల విలన్లకు, జోకర్లకు పెడ్తున్నరని. మీటింగుల చెప్పేటోళ్లు, పాటలల్ల పాడేటోళ్లు. పొద్దుగూకినంక గదే మనుషులు ఇంటికొచ్చి, కరెంటు ఉంటే, మొగలిరేకులు చూసేటోళ్లు. మా బాపు రాస్తారోకోల కూసోని వచ్చి, అంగి ఇప్పి, చాప మీద ఒరిగి "ఆర్కే నాయుడు ఏం జేసిండే నిన్న?" అని అడిగేటోడు. ఇండ్ల ఏం ఎదురుబొదురు ఉన్నదని ఎవరికీ అనిపియ్యలే. ఇప్పుడు నాకు కూడ అది తప్పని అనిపిస్తలేదు. గని వింత అనిపిస్తది.

కరెంటు లేకపోతే? అప్పుడు ఎపిసోడ్ పోయినట్టే. ఇప్పటి లెక్క ఫోన్ల దొరకదు. కథ తెల్లారి పత్తి చేన్ల దొరికేది.

బడి లేదు గనక నేను అమ్మతోని కైకిలి కాడికి పోయేదాన్ని. పత్తి ఏరుడు అప్పుడప్పుడే మొదలైంది. పది పన్నెండు మంది ఆడోళ్లు నడుముకు ఒడి కట్టుకొని సాలు పట్టుకొని పోతుంటరు. అండ్ల ఒకామె ఇంటికి ఇన్వర్టర్ ఉండె. పేరొద్దు, మనం ఇన్వర్టరక్క అనుకుందాం. అక్క రాత్రి చూసిన ఎపిసోడంత చేన్ల చెప్పేది. చూసింది ఇరవై నిమిషాలు, చెప్పేది రెండు గంటలు. ఆ చెప్పుడుల ఆర్కే నాయుడు మా లెక్క మాట్లాడేటోడు. "గల్ల వట్టి ఏమన్నడో ఎరుకేనా? 'ఏం రా, నకరాలు జేస్తున్నవా? బొక్కల దోస్త బిడ్డా' అన్నడు." అట్ల సీరియల్ల ఏ నాడూ అని ఉండడు. అక్క నోట్ల అన్నడు. ఆ కథల అత్తలు "కోడలా" అనకపోయేది, "ఏమే పోరీ" అనేది. ఏడ్చేటామె "శోకం వెట్టి ఏడ్చింది". పెండ్లికి "దావత్" అయ్యింది. నడుమ ఇంకో అక్క "ఆమె గట్లెందుకు అన్నది, నేనైతే చెంప వలగ్గొడ్తుంటి" అని అందుకునేది. ఇంకొకామె మారుమాట చెప్పేది. సాలు అయిపోయేసరికి అసలు కథ ఒకటుంటే చేన్ల కథ ఇంకొకటయ్యేది.

మొన్న ఆ 2011 నాటి ఎపిసోడ్లు ఎతికి పట్టి చూసిన. నాకు యాదికున్న సీన్లు కొన్ని అండ్ల లెవ్వు. ఉంటే కూడ గంత మంచిగ లెవ్వు. ఎందుకో అర్థం కానీకి కొంచెం టైం పట్టింది: నా యాదిల ఉన్నది జెమినీ టీవీ ఎపిసోడ్ కాదు, పత్తి చేను ఎపిసోడ్. ఆ సీరియల్‌ను మావోళ్లు ఊరికే చూడలే, మా మాటలకు తిప్పుకొని చూసిండ్రు. తెలుగులకెంచి తెలుగులకు డబ్బింగ్, పైసా ఖర్చు లేకుండ. ఆ ట్రాక్ ఎవరూ రికార్డు చెయ్యలే. యూట్యూబుల సీరియల్ మొత్తం దొరుకుతది గని అది దొరకది.

ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పోయిన. కాలేజీ పేరు అక్కర లేదు. మొదటి వారంల "బేస్తారం రికార్డు ఇయ్యాలెనా?" అని అడిగిన, బేస్తారం అంటే గురువారమే. క్లాసు మొత్తం నవ్వింది, సారు కూడ నవ్విండు. తర్వాత నెల రోజులల్ల నేను మాట మార్చిన. ఎట్ల మార్చగలిగిన? ఎవరు నేర్పిండ్రు? ఎవరూ నేర్పలే. చిన్నప్పటి సంది చెవులల్ల ఉన్నదే. "ఏమైంది, ఎందుకలా ఉన్నావు, నాతో చెప్పకూడదా" అని ఎవరన్న రాత్రి పూట లేపి అడిగినా తడబడకుండ అంటుంటి. ఐదేండ్లు రోజూ రాత్రి ఫ్రీ ట్యూషన్ చెప్పింది టీవీ. ఉద్యోగం ఇంటర్వ్యూల కూడ గదే తెలుగు పనికొచ్చింది. అందుకే ఆ సీరియళ్లను ఉత్తగ తిట్టి పొమ్మంటే నాతోని కాదు. నాకు అవి రెండో నాలుకను ఇచ్చినయి, దానితోనే ఇయ్యాల బువ్వ తింటున్న.

అమ్మ కూడ గవే సీరియళ్లు చూసింది. ఆమెకు ఏం నేర్పినయి?

ఈ ఛానెల్ మొదలు పెట్టినప్పుడు ఆమెను అడిగిన: "అమ్మా, పచ్చిపులుసు మీద ఒక ఎపిసోడ్ చేద్దాం, నువ్వు చెప్పు, నేను తీస్త." ఒద్దన్నది. సిగ్గేమో అనుకున్న. మళ్ల అడిగితే, "నా మాట బాగుండదు బిడ్డా. నువ్వు చెప్పు, నువ్వు టీవీల లెక్క మాట్లాడుతవ్" అన్నది. ఆఫీసు వాళ్లు వీడియో కాల్‌ల ఉంటే అమ్మ నా రూంల అడుగు పెట్టినా సైగలు చేస్తది, మాట్లాడది. పత్తి చేన్ల సాలు చివర్ల నిలవడి ఆ మూల ఉన్న మనిషికి వినవడేటట్టు మాట్లాడే మనిషి. ఆమెకు ఎవరూ "నీ మాట బాగలేదు" అని మొకం మీద అనలే. ఇరవై ఏండ్లు రాత్రిపూట టీవీ చూసి ఆమె ఆ లెక్కకు వచ్చింది. మంచోళ్లు ఎట్ల మాట్లాడుతరో చూసింది, గిన్నెలు కడిగేటామె ఎట్ల మాట్లాడుతదో చూసింది, తను ఎటు దిక్కున్నదో తనే చూసుకున్నది.

"ఇప్పుడు కాలం మారింది గదా" అంటరు. కొంత మారింది. వీ6ల తీన్మార్ వార్తలు వచ్చినయి, బిత్తిరి సత్తి వచ్చిండు. లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వచ్చింది, గంగవ్వ 2020ల బిగ్ బాస్ ఇంటికే పోయింది. 2017ల ఫిదాల హీరోయినే బాన్సువాడ పిల్ల, సాయిపల్లవి తన గొంతుతోనే మాట్లాడింది. 2023ల బలగం. కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నం, ఆయన మన వరంగల్ మనిషే. ఇవన్ని సంతోషమే. గని బిత్తిరి సత్తిని చూసి మా అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుతది: "మన లెక్కనే మాట్లాడుతుండు గని, నవ్విచ్చెతందుకే గదా." బలగం చూసినప్పుడు మాత్రం ఆమె ఏం అనలే. కొంగు అడ్డం పెట్టుకున్నది, సినిమా అయిపోయినంక పోయి బర్రెకు గడ్డి వేసి వచ్చింది. రోజూ వచ్చే సీరియళ్లల్ల ఇప్పటికి కూడ పెద్దగ తేడా నాకు కనవడది. సినిమా రెండున్నర గంటలు, ఎన్నడో ఒకసారి. ఇంట్ల రోజూ మోగేది సీరియల్.

సాముల వారికి కూడ న్యాయం చెప్పాలె గనక చెప్తున్న: మంజుల నాయుడు గారి సీరియళ్లు మిగతావాటి కంటే ఎన్నో తీర్ల మేలు. ఆడోళ్లకు బుర్ర ఉంటది, వాళ్ల ఏడుపుకు కారణం ఉంటది. ఆ తర్వాత వచ్చినవి చూస్తే ఆ విలువ తెలుస్తది. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాక స్టార్ మాల నడిచింది. రంగు తక్కువ పిల్ల కథ చెప్తూ తెల్లటి నటికి నల్ల మేకప్ వేసిండ్రు. వంటలక్క మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఆ సంగతి మింగుడు పడది. దాని మీద వేరే ఎపిసోడ్ చేస్త, ఇప్పుడు వద్దు.

అమ్మతోని మళ్లీ చూసుడు గురించి చెప్త. నేను మాట గురించి పట్టించుకుంటుంటే ఆమె కండ్లు వేరే వాటి మీద ఉన్నయి. "గామె పొద్దంత పట్టుచీరె కట్టుకొని హాల్ల నిలవడ్తది. కాళ్లు గుంజయా?" అని అడిగింది. చూస్తే నిజమే, ఇంట్ల సోఫా ఉంటది, మనుషులు నిలవడే మాట్లాడుతరు. "గంత పెద్ద ఇంట్ల ఒక్క బట్టన్న ఆరేసి లేదు." "గిన్నెల చప్పుడు లేదు చూడు, ఏం తింటరో." "మొగోడు ఇంటికొస్తడు, ఏం పని చేసి వచ్చిండో చెప్పడు." ఇరవై ఏండ్ల కింద కూడ ఇవే అనుకున్నవా అని అడిగిన. "అప్పుడు అనుకునెతందుకు తీరిక యాడిది? చూసేదే కాళ్లు సాపెతందుకు" అన్నది. ఆ కాళ్లు సాపుడే ఆమెకు దినంల దొరికే ఒక్క అరగంట. పొద్దుగాల నాలుగున్నరకు లేచిన మనిషి. ఆ అరగంట ఆమెకు ఇచ్చింది సీరియలే, మేం ఎవ్వరం ఇయ్యలే. అందుకే "పనికిరాని సీరియళ్లు" అని ఎవరన్న అంటే నాకు కోపం వస్తది, మరీ మొగపిల్లలు అంటే ఇంకా ఎక్కువ వస్తది.

ఇట్ల ఆమె మాట్లాడుతుంటే పోయిన బేస్తారం ఫోన్ టీపాయ్ మీద పెట్టిన. దాచి పెట్టలే, చెప్పే పెట్టిన. "రికార్డు చేస్తున్నమ్మా, నీ గొంతు." కొంచెం సేపు సప్పుడు చెయ్యలే. తర్వాత, "మొకం వెయ్యవు గదా?" అన్నది. వెయ్య అన్న. "పేరు?" వెయ్య అన్న. "ఐతే చేసుకో" అన్నది. సీరియల్ ముక్కకు హక్కుల లొల్లి ఉంటది గనక దాని సౌండ్ తీసేసిన. మీకు వినవడేది అమ్మ ఒక్కతే. ఇన్‌స్క్రిప్టుల కూడ ఆమె అన్నది అన్నట్టే రాసిన, దిద్దలే.

(అమ్మ గొంతు)

"అగొ, మళ్ల తలుపు కాడ ఆగింది. లోపటికి రావే. ముచ్చట ఇంటున్నదట, దొంగ మొకంది... గీయన చూడు, అన్నం పెట్టక ముందే లేచిపోయిండు. వండినామె ఏమనుకోవాలె? మీ బాపు కూడ గట్లనే చేస్తుండె మొదలు మొదలు. ఒక్కనాడు గిన్నె తీస్కపోయి కుక్కకు వేసిన. ఇగ అప్పటి సంది లెవ్వలే... ఇది కూడ ఎక్కుతున్నదా గండ్ల? తీసెయ్యే అది. వద్దులే, ఉండనీ."